కొత్త మొక్కల ట్యాంక్‌లో నీళ్ళు కుదురుకునేదాకా

మొక్కల ట్యాంక్, అంటే మొక్కలు పెంచే అక్వేరియం, కొత్తగా పెట్టినవాళ్ళు మొదటి వారంలో నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "పీహెచ్ ఎంత ఉండాలి?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ కేహెచ్ ఎంత?" చాలామంది ఆ సంఖ్య ఎప్పుడూ చూసి ఉండరు. మొదటి ట్యాంక్ పెట్టినప్పుడు నేనూ చూడలేదు. పీహెచ్ తగ్గించే చుక్కల సీసా ఒకటి తెచ్చి రోజూ పొద్దున్నే పది చుక్కలు వేసేవాణ్ణి. మధ్యాహ్నానికి 8 నుంచి 7 దగ్గరికి దిగేది. మర్నాడు చూస్తే మళ్ళీ 8. మళ్ళీ పది చుక్కలు. వారం రోజులు ఇదే పని. నీళ్ళు మారలేదు కానీ, రోజుకోసారి పీహెచ్ పైకీ కిందికీ ఊగడంతో లోపలున్న నత్తలు గుల్ల మూసుకుని కదలడం మానేశాయి. ఆ సీసాలో లోపమేమీ లేదు. మా కుళాయి నీళ్ళలో కేహెచ్ 9 డిగ్రీలు ఉంది. ఆ సంగతి తెలిసి ఉంటే సీసా కొనేవాణ్ణే కాదు.

అందుకే ఈ వ్యాసం పీహెచ్‌తో మొదలు కాదు.

ముందు కేహెచ్, జీహెచ్, పీహెచ్ అనే ఈ మూడు పేర్ల సంగతి. కేహెచ్ అంటే నీళ్ళలో కరిగి ఉన్న కార్బొనేట్లు, బైకార్బొనేట్ల కొలత. ఆమ్లం ఏదొచ్చినా ముందు వీటిని దాటుకుని రావాలి. ఇవి ఉన్నంతసేపూ ఆమ్లాన్ని మింగేసి పీహెచ్‌ని పెద్దగా కదలనివ్వవు. అయిపోయిన రోజున పీహెచ్‌ని పట్టుకునేది ఏదీ ఉండదు, గబుక్కున జారిపోతుంది. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియంల కొలత. మొక్కల ఆకులకీ, నత్తల గుల్లలకీ, రొయ్యల కుబుసానికీ కావలసింది ఇది. రెండింటినీ డిగ్రీల్లో కొలుస్తారు. ఒక డిగ్రీ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 17.9 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). ఇక పీహెచ్ నీళ్ళు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పేది, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. అది చాలావరకు మిగతావాటి ఫలితం: కేహెచ్ ఎంత, కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎంత, అడుగున పరిచే మట్టి గుళికలు (సాయిల్), లోపల పెట్టే దుంగలు వదిలే ఆమ్లాలు ఎంత అన్నదాన్ని బట్టి వచ్చే అంకె. కారణాన్ని వదిలేసి ఫలితాన్ని సరిచేయబోతే నా నత్తల పరిస్థితే వస్తుంది.

మొక్కలు నాటకముందే చేయాల్సినవి

మొదట కుళాయి నీళ్ళని పరీక్షించండి. బోరు నీళ్ళయినా అంతే. ఒకసారి పట్టిన వెంటనే, ఇంకోసారి బకెట్‌లో 24 గంటలు ఉంచాక. రెండుసార్లు ఎందుకంటే పైపులో, భూమి లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగానో తక్కువగానో ఉండొచ్చు. గాలికి ఉంచితే అది సర్దుకుంటుంది, పీహెచ్ మారుతుంది. మా నీళ్ళు పట్టినప్పుడు 7.5, మర్నాటికి 8.2. నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సింది రెండో అంకె. కేహెచ్, జీహెచ్, అమ్మోనియా, నైట్రేట్ కూడా అప్పుడే చూసి రాసిపెట్టుకోండి. కుళాయిలోనే 20 పీపీఎం నైట్రేట్ వస్తుంటే, తర్వాత ట్యాంక్‌లో 20 కనిపించినప్పుడు సైక్లింగ్ (అమ్మోనియాని నైట్రేట్ దాకా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడం) అయిపోయిందని మోసపోకుండా ఉంటారు.

కేహెచ్ చుక్కల కిట్‌తో ఒక చిన్న ఉపాయం. మామూలుగా 5 మిల్లీలీటర్ల నీళ్ళలో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెడతాం, చుక్కకో డిగ్రీ. 10 మిల్లీలీటర్లు తీసుకుంటే చుక్క విలువ అర డిగ్రీ అవుతుంది. కేహెచ్ 1కీ 2కీ మధ్య ఉన్న ట్యాంక్‌లో ఈ తేడా చాలా విలువైనది.

తర్వాత క్లోరిన్. మామూలు క్లోరిన్ అయితే నీళ్ళని ఒక రోజు గాలి ఆడేలా ఉంచితే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ అలా పోదు. మీ నీళ్ళలో ఏది కలుపుతున్నారో తెలుసుకోండి, తెలియకపోతే క్లోరమిన్ ఉందనుకునే నడుచుకోండి. క్లోరిన్ పోగొట్టే మందుల్లో సోడియం థయోసల్ఫేట్ ఒక్కటే ఉన్న రకం క్లోరమిన్‌ని విడగొడుతుంది కానీ అందులోని అమ్మోనియాని నీళ్ళలోనే వదిలేస్తుంది. అమ్మోనియాని కూడా కట్టిపడేసే రకం తెచ్చుకోవడం మంచిది. ఒక మాట గుర్తుంచుకోండి, అలా కట్టిపడేసిన అమ్మోనియా కూడా మనం వాడే మామూలు టెస్ట్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అంకె చూసి హడలిపోయి మందు రెట్టింపు చేయకండి.

ట్యాంక్‌లో నీళ్ళెన్ని? నాది 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. గుణించి వెయ్యితో భాగిస్తే 64.8 లీటర్లు. సాయిల్, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా పట్టినవి 50 లీటర్లు. మందులైనా ఎరువులైనా ఈ 50 లెక్కనే వేయాలి. మొదటిసారి నింపేటప్పుడు బకెట్లు లెక్కపెట్టుకోవడం అన్నిటికంటే తేలికైన దారి.

రాళ్ళు కూడా చూసుకోండి. పొడి రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నగా బుసబుసమంటే అందులో కార్బొనేట్ ఉంది, నెలల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ కేహెచ్‌నీ జీహెచ్‌నీ పెంచుతూనే ఉంటుంది. బూడిద రంగులో తెల్లటి చారలుండే అందమైన రాళ్ళు చాలావరకు ఈ రకమే. వాడకూడదని కాదు, వాడితే ఆ లెక్క మనసులో ఉండాలి.

కేహెచ్ మరీ ఎక్కువుంటే లవణాలు దాదాపు తీసేసిన ఆర్వో నీళ్ళు కలపడమే నమ్మకమైన పద్ధతి. ఒక పాలు కుళాయి నీళ్ళకి రెండు పాళ్ళు ఆర్వో నీళ్ళు కలిపితే నా 9 డిగ్రీలు 3 అవుతాయి. మరీ తక్కువుంటే వంటసోడా. 50 లీటర్లకి ఒకటిన్నర గ్రాము వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. చిన్న తూకం మిషన్ ఉంటే మంచిది, చెంచాలతో కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

సాయిల్ వాడుతున్నారా, ఇసక వాడుతున్నారా?

ఇక్కడ రెండు దారులు వేరవుతాయి. ఇసక, గులకరాళ్ళు నీళ్ళని పెద్దగా మార్చవు. కాల్చిన మట్టి గుళికలుగా వచ్చే ఆక్టివ్ సాయిల్ మాత్రం నీళ్ళని తన దారికి తెచ్చుకుంటుంది. కేహెచ్‌ని పీల్చేసుకుని 0, 1కి దించుతుంది, పీహెచ్ 6కీ 6.8కీ మధ్య ఎక్కడో కూర్చుంటుంది. మొదటి కొన్ని వారాలు తనలోని అమ్మోనియాని నీళ్ళలోకి వదులుతుంది. మొక్కలకి అది విందే. చేపలకి మాత్రం ప్రమాదం.

ఎంత ప్రమాదమో నాకు రెండో ట్యాంక్‌లో తెలిసింది. సాయిల్ వేసి అప్పటికి పదిహేడు రోజులు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మొక్కలు కొత్త ఆకులు వేస్తున్నాయి. రోజూ చూస్తున్నానన్న ధైర్యంతో ఏడు చిన్న టెట్రా చేపలు వేశాను. రెండు రోజులు హాయిగా తిరిగాయి. మూడో రోజు టెస్ట్ చేస్తే అమ్మోనియా 4 పీపీఎం. టెన్షన్ పడిపోయి సగం నీళ్ళు తీసేసి, క్లోరిన్ పోగొట్టే మందు వేసిన కుళాయి నీళ్ళు గబగబా నింపాను. అరగంట తర్వాత మా పాప పిలిచింది. "నాన్నా, చేపలన్నీ పైకొచ్చేశాయి." వెళ్ళి చూస్తే ఏడూ ఫిల్టర్ నీళ్ళు పడే మూలన గుంపుగా ఉన్నాయి. తలలు పైకి, తోకలు కిందికి. మొప్పలు లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటున్నాయి. ఒకదాని మొప్ప అంచు ముదురు ఎరుపుగా, ఉబ్బి కనిపించింది. తెల్లారేసరికి మూడు పోయాయి.

అమ్మోనియా తగ్గించాను కదా, మరెందుకిలా జరిగింది? కారణం పీహెచ్. టెస్ట్‌లో మనం చూసే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దాంతో చేపకి పెద్దగా హాని లేదు. ఇంకోటి అసలు అమ్మోనియా, మొప్పల్ని కాల్చేది ఇదే. ఏది ఎంత అనేది పీహెచ్, వేడి కలిసి తేలుస్తాయి. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 6.5 దగ్గర విషమైన రూపం 0.2 శాతం కూడా ఉండదు. 7 దగ్గర సుమారు అర శాతం. 8 దగ్గర 5 శాతం దాటుతుంది. నా ట్యాంక్ 6.5 దగ్గర ఉంది, అందుకే 4 పీపీఎం ఉన్నా చేపలు తట్టుకున్నాయి. కేహెచ్ 9, పీహెచ్ 8.2 ఉన్న నీళ్ళు సగం పోయగానే ట్యాంక్ 7.7కి ఎక్కింది. మొత్తం అమ్మోనియా 4 నుంచి 2కి తగ్గింది, నిజమే. కానీ విషమైన రూపం 0.007 నుంచి 0.05 పీపీఎం పైకి పోయింది. ఏడెనిమిది రెట్లు. దానికి తోడు నీటి కాఠిన్యం ఒక్కసారిగా మారిన దెబ్బ.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. సాయిల్ ఉన్న ట్యాంక్‌లో పోసే నీళ్ళ కేహెచ్ ముందే 1, 2కి దించుకుని పోస్తాను, ఆర్వో కలిపి. ఇలా చేస్తే సాయిల్ కూడా ఎక్కువ కాలం పనిచేస్తుంది. ప్రతిసారీ 9 డిగ్రీల నీళ్ళు పోస్తే దాని శక్తంతా ఆ కార్బొనేట్లని పీల్చడానికే ఖర్చయిపోతుంది. ఇక ముఖ్యంగా, అమ్మోనియా సున్నా కనబడనిదే చేప ఊసెత్తను.

చేపలు లేని మొదటి వారాల్లో మాత్రం నీళ్ళు ధారాళంగా మార్చవచ్చు. మొదటి వారం రోజూ సగం, రెండో వారం రోజు విడిచి రోజు, మూడో వారం రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి మూడో వంతు నుంచి సగం. ఇన్నిసార్లు మారిస్తే బ్యాక్టీరియా పోతుందని కొందరు భయపడతారు. నీళ్ళలో తేలే బ్యాక్టీరియా మనకి లెక్కలోది కాదు. పనిచేసేది స్పాంజిలో, గుళికల మీద, రాళ్ళ మీద పొరలా అంటుకుని ఉంటుంది. నీళ్ళతో పోదు.

సైక్లింగ్: మూడు గీతల కథ

నేను నోట్‌బుక్‌లో ఒక పేజీలో మూడు గీతలు గీస్తాను. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్. రెండు రోజులకోసారి చుక్కలు పెట్టి కలుపుతాను. ముందు అమ్మోనియా లేస్తుంది. అది వంగడం మొదలుపెట్టాక నైట్రైట్ లేస్తుంది, కొంతకాలం పైనే కూర్చుంటుంది. అది పడిపోయేటప్పుడు నైట్రేట్ పైకి పోతుంది. అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చేవి ఒక రకం జీవులు, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేవి ఇంకో రకం. అక్వేరియాల్లో ఈ రెండో పని ముఖ్యంగా నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియాది. వీటిలో కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా పనంతా ఒక్కటే చేసేయగలవని 2015లో బయటపడింది. ఏ రకమైనా వీటి ఎదుగుదల నెమ్మది. మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపైతే ఇవి గంటలు, రోజులు తీసుకుంటాయి. అందుకే ఓపిక పట్టాలి.

ఇసక ట్యాంక్ అయితే అమ్మోనియా బయటి నుంచి ఇవ్వాలి. సువాసనలు, సబ్బు కలపని శుభ్రమైన అమ్మోనియా ద్రావణాన్ని 2 పీపీఎం వచ్చేదాకా వేస్తే చాలు. 5 దాటితే పని వేగం కాదు, మందగిస్తుంది. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే ట్యాంక్ సిద్ధమైనట్టే. చాలామందికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంక్ నుంచి ఒక మురికి స్పాంజి ముక్క దొరికితే ఇందులో సగం కాలం కలిసొస్తుంది. బజారులో దొరికే ఏ సీసా కన్నా ఆ ముక్క మీదే నాకు నమ్మకం.

మధ్యలో చాలామంది ఒక చోట ఆగిపోతారు. అమ్మోనియా రోజూ తగ్గుతూ తగ్గుతూ ఉన్నట్టుండి కదలదు. ఫిల్టర్ పాడైందనుకుంటారు. కేహెచ్ చూడండి. అమ్మోనియా నైట్రేట్‌గా మారే ప్రతిసారీ ఆమ్లం పుడుతుంది, అది కేహెచ్‌ని తింటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి కాల్షియం కార్బొనేట్ లెక్కన ఏడు మిల్లీగ్రాములకి పైగా ఖర్చు. అంటే 2 పీపీఎం ఒక్కసారి అరిగితే కేహెచ్ సుమారు ముప్పాతిక డిగ్రీ పోతుంది. ఐదుసార్లు వేస్తే మూడు నాలుగు డిగ్రీలు. కేహెచ్ 3తో మొదలెట్టినవారి ట్యాంక్ ఎక్కడ ఆగుతుందో ఈ లెక్కే చెబుతుంది. పీహెచ్ 6 దగ్గరికి పడితే ఆ బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. సగం నీళ్ళు మార్చి, అవసరమైతే 50 లీటర్లకి ఒకటిన్నర గ్రాము వంటసోడా వేస్తే రెండు రోజుల్లో గీత మళ్ళీ వంగుతుంది. అయితే ఆక్టివ్ సాయిల్ ట్యాంక్‌లో సోడా వేయకండి. సాయిల్ పీల్చేస్తుంది, మీరు మళ్ళీ వేస్తారు, ఆ పోటీలో ఇద్దరూ ఓడిపోతారు. అక్కడ బ్యాక్టీరియా ఆలస్యమైనా మొక్కలు సాయం పడతాయి.

టెస్ట్ చేసేటప్పుడు రెండు పొరపాట్లు దాదాపు అందరూ చేస్తారు. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున పొడి పేరుకుని ఉంటుంది. అరనిమిషం గట్టిగా ఊపకపోతే, అవసరమైతే బల్ల అంచుకి తట్టకపోతే, ట్యూబ్‌లో రంగు పసుపుగానే ఉండిపోయి నైట్రేట్ లేనట్టు చూపిస్తుంది. రెండోది, నైట్రైట్ ఎక్కువున్నప్పుడు నైట్రేట్ అంకెని నమ్మకూడదు. ఆ టెస్ట్ లోపల నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చి, ఆ తర్వాతే రంగు చూపిస్తుంది కాబట్టి ఉన్న నైట్రైట్ కూడా అందులో కలిసిపోతుంది. రంగు పట్టిక దాటిపోయేంత ముదురుగా వస్తే ఒక పాలు ట్యాంక్ నీళ్ళకి మూడు పాళ్ళు ఆర్వో నీళ్ళు కలిపి పరీక్షించి, వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చించండి. ట్యూబ్‌ని పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి, ట్యాంక్ లైటు కింద అస్సలు వద్దు.

చేపలు ఉండగా నైట్రైట్ లేచిందంటే, అది రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే శక్తిని తీసేస్తుంది. మొప్పలు గోధుమరంగుకి తిరుగుతాయి. నీళ్ళు మార్చడమే మొదటి వైద్యం. క్లోరైడ్ ఉంటే మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది కాబట్టి కొద్దిగా ఉప్పు కూడా సాయం చేస్తుంది. కానీ మొక్కలు, నత్తలు ఎక్కువగా ఉన్నచోట చేయి బిగబట్టి వేయాలి.

ఇంకో సంగతి. కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది. ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్ లేకపోతే నిలవదు. మూసి ఉన్న కానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి నీళ్ళు కుళ్ళు వాసన కొడతాయి. తిరిగి ఆన్ చేసేముందు ఆ నీళ్ళు పారబోయండి. స్పాంజిని కడగాల్సి వస్తే ట్యాంక్ నుంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండండి. కుళాయి కింద కడిగితే నెల రోజుల కష్టం కాలువలో పోతుంది.

మొక్కలు చేసే పని

మొక్కలు నైట్రేట్ కంటే అమ్మోనియంనే ఇష్టపడతాయి, దాన్ని వాడుకోవడానికి వాటికి శ్రమ తక్కువ. కాబట్టి మొదటి రోజు నుంచే ట్యాంక్ నిండా నాటండి, అందులో సగానికి పైగా వేగంగా పెరిగే రకాలు ఉండాలి. హార్న్‌వర్ట్, వాటర్ విస్టేరియా, వాలిస్నేరియా, పైన తేలే సాల్వినియా లాంటివి. అనుబియాస్, జావా ఫెర్న్ అందంగా ఉంటాయి కానీ వాటి నడక నెమ్మది, అమ్మోనియా తాగే విషయంలో వాటి మీద ఆధారపడలేం. మూడు నెలలు పోయాక ఆ వేగం మొక్కల్లో కొన్నిటిని తీసేసినా పరవాలేదు.

ఇంకొకటి చెప్పాలి. నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలావరకు నీటి పైన, గాలిలో పెంచుతారు. నీళ్ళలో ముంచగానే పాత ఆకులు కరిగిపోతాయి. క్రిప్టోకొరైన్ అయితే రాత్రికి రాత్రే జావలా మారుతుంది. వేరు బతికే ఉంటుంది, పీకేయకండి. కరిగిన ఆకుల్ని మాత్రం కత్తిరించి బయట పడేయండి, అవి కుళ్ళితే అదీ అమ్మోనియానే. రెండో మూడో వారంలో అద్దం మీద, ఆకుల మీద గోధుమరంగు పొర కడుతుంది. చేత్తో తుడిస్తే పోతుంది, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. లైటు మొదట్లో ఆరు గంటలు చాలు. దుంగ వల్ల నీళ్ళు టీ రంగుకి తిరిగితే హాని లేదు.

ఎరువుల విషయంలో సాయిల్ ట్యాంక్‌కి మొదటి నెల పొటాషియం, సూక్ష్మ పోషకాలు కొద్దిగా వేస్తే సరిపోతుంది. ఇసక ట్యాంక్‌లో నైట్రేట్ 10 నుంచి 20, ఫాస్ఫేట్ 1 నుంచి 2 పీపీఎం మధ్య నిలబెట్టుకుంటే మొక్కలు ఆకలితో ఉండవు. ఆకులే చెబుతాయి: కొత్త ఆకు పాలిపోతే ఇనుము, పాత ఆకు పసుపైతే నైట్రోజన్, పాత ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం.

కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంటే

కేహెచ్, పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ మూడూ ఒకే తాడుకి కట్టి ఉంటాయి. రెండు తెలిస్తే మూడోది తెలుస్తుంది. కేహెచ్ 4 ఉన్న నీళ్ళలో పీహెచ్ 6.6 చూపిస్తే కార్బన్ డయాక్సైడ్ సుమారు 30 పీపీఎం. మొక్కల ట్యాంక్‌లో మనం కోరుకునేది దాదాపు అంతే. కానీ ఈ లెక్క కేహెచ్ ఒక్కటే పీహెచ్‌ని నడిపించే నీళ్ళకే సరిపోతుంది. సాయిల్, దుంగ ఆమ్లాలు కలిసిన ట్యాంక్‌లో ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే డ్రాప్ చెకర్ వాడండి, అంటే కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రంగుతో చూపే, ట్యాంక్ లోపల తగిలించే చిన్న బుడ్డి. దాని లోపల ట్యాంక్ నీళ్ళు పోయకూడదు, సరిగ్గా 4 డిగ్రీల కేహెచ్ ఉన్న ద్రావణమే పోయాలి. నీలం అంటే తక్కువ, పచ్చి గడ్డి రంగు అంటే సరిపడా, పసుపు అంటే మితిమీరింది. రంగు మారడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది కాబట్టి వాల్వ్ తిప్పిన ఐదు నిమిషాలకే చూసి మళ్ళీ తిప్పకండి. నేను లైటుకి రెండు గంటల ముందు గ్యాస్ తెరిచి, లైటు ఆరడానికి గంట ముందు ఆపేస్తాను.

గ్యాస్ వల్ల పగలు పీహెచ్ ఒక పాయింటు దిగి రాత్రి మళ్ళీ ఎక్కితే కంగారు పడక్కర్లేదు. అక్కడ కేహెచ్, కరిగిన లవణాలు మారడం లేదు, చేపలు తట్టుకుంటాయి. పోసే నీళ్ళు మారిపోయి పీహెచ్ కదలడం, గ్యాస్ వల్ల కదలడం ఒకటి కావు.

చేపలు వచ్చే రోజు

అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 లోపు, వారం రోజులుగా కేహెచ్ ఒకే చోట. ఇవి నాలుగూ నోట్‌బుక్‌లో వరసగా మూడుసార్లు కనబడ్డాకే చేపల కోసం బయల్దేరతాను. ముందు రోజు పెద్ద వాటర్ చేంజ్ చేస్తాను. తెచ్చిన సంచీలో నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) ఎంతో చూస్తాను, మన ట్యాంక్‌కీ దానికీ తేడా ఎక్కువుంటే సన్న పైపుకి ముడి వేసి చుక్కచుక్కగా గంటసేపు కలుపుతాను. అయితే చేపలు చాలాసేపు సంచీలో ప్రయాణం చేసి వచ్చి ఉంటే ఈ పని సాగదీయకండి. మూసిన సంచీలో అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని కిందికి దించి అమ్మోనియాని హాని లేని రూపంలో ఉంచుతుంది. మూత విప్పగానే ఆ గ్యాస్ పోయి పీహెచ్ ఎక్కుతుంది, నా టెట్రాలకి జరిగిందే ఆ సంచీలో జరుగుతుంది. అలాంటప్పుడు వేడి సమానం చేసి, వలతో పట్టి త్వరగా ట్యాంక్‌లోకి వదిలేయడమే మేలు. సంచీ నీళ్ళు మాత్రం ట్యాంక్‌లో పోయను.

మొదటి జట్టుగా ఐదారు చిన్న చేపలు చాలు. మొదటి రోజు మేత వేయను. ఆ తర్వాత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంతే. పది రోజుల పాటు రోజూ పొద్దున అమ్మోనియా, నైట్రైట్ చూస్తాను. ఏదైనా 0.25 దాటితే ఆ రోజే మూడో వంతు నీళ్ళు, ట్యాంక్ కేహెచ్‌కి సరిపోయేలా కలిపినవే, నెమ్మదిగా పోస్తాను. అప్పుడు బతికిన ఆ నాలుగు టెట్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి తోడుగా ఆరు కొత్తవి ఆరో వారంలో వచ్చాయి, వచ్చే ముందు రోజు కేహెచ్ 2, పీహెచ్ 6.6, అమ్మోనియా సున్నా అని ఆ పేజీ చివర రాసి ఉంది.